ఆవు నాకిన రాయి

రాయిని చూడగానే పేరు చెప్పేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం లేదు. వాళ్ళకు కావలసింది పేరు. అది దొరికిన మరుక్షణం రాయిని చూడడం మానేస్తారు.

మదనపల్లెలో తూకాల మిషన్లు బాగుచేయడం నా పని. టమాటా మండీల్లో బాక్సులు తూచే కాటాలు, నగల అంగళ్ళలో గాజుపెట్టెలో ఉండే చిన్న త్రాసులు, పుంగనూరులో పాలకేంద్రాల బల్లమీది మిషన్లు, కుప్పంలో గ్రానైటు లారీలు ఎక్కే పెద్ద కాటాలు, వీటి చుట్టూనే నా తిరుగుడు. పదో తరగతి తర్వాత నాకెవరూ పాఠం చెప్పలేదు. పాత పుస్తకాల అంగట్లో దొరికినవి దొరికినట్టు చదివాను. మొదట లెక్కలు, తర్వాత భౌతికశాస్త్రం, ఆ తర్వాత ఎందుకో ఖనిజాల మీద మనసు పడింది. కొలవకుండా మాట్లాడేవాళ్ళంటే చిన్నచూపు కూడా ఆ చదువుతోనే వచ్చింది. ఇంతవరకూ పోలేదు. పోవడానికి తగిన మనుషులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

మా అక్క ఊరు పుంగనూరు దాటి రామసముద్రం పోయే దారిలో ఉంటుంది. మెట్ట ఊరు. వానొస్తే చెనిక్కాయ, రాకపోతే ఆవులూ గొర్రెలూ. మా బావ పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో అత్త చేతినుంచి కోడలి చేతికి వచ్చే వస్తువు ఒకటుంది. దాన్ని కంటిరాయి అంటారు. బూడిదరంగులో మెరిసే మెత్తటి రాయి. పుట్టిన దూడ కళ్ళు పుసులు కట్టినా, నీళ్ళు కారినా, ఆ రాయిని సానమీద ఆముదం చుక్కతో అరగదీసి, ఉంగరపు వేలితో కంటి అంచున గీత పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దూడల్ని ఎత్తుకొని మా అక్క వాకిటికి వస్తారు. దానికి డబ్బు తీసుకోకూడదు. వచ్చినవాళ్ళు పిడికెడు రాగులు తెచ్చి ఆ ఇంటి ఆవుకు పెట్టి పోతారు. తమ దూడ కన్నును ఇంకొకరి వేలికి అప్పగించడం చిన్న నమ్మకం కాదు. మా అక్క నడిచిపోతుంటే ఊళ్ళో మగవాళ్ళు అరుగుమీద కాళ్ళు దించుకునేది ఆ వేలును చూసే.

అరగదీసే రాయి అరిగిపోక మానదు. అక్క చేతికి వచ్చినప్పుడు కోడిగుడ్డంత ఉన్నది, ఇప్పుడు వక్కంత మిగిలింది. ఆమె మరిది కుప్పం పోయి, రాళ్ళు అమ్మే ఒక వ్యాపారి దగ్గర నిమ్మకాయంత కొత్త రాయి తెచ్చాడు. అచ్చం పాతదానిలాగే ఉందన్నాడు. ఊరంతా చూసి అలాగే ఉందన్నారు.

ఇక్కడ ఆ ఊరివాళ్ళ పరీక్షల గురించి చెప్పాలి. పరీక్షలు లేకుండా నమ్మే మూఢులు కారు వాళ్ళు. మూడు పరీక్షలు పెట్టి మరీ పొరపాటు చేశారు. మొదటిది, రాయిని కుండపెంకు మీద గీయడం. మరక పడితే ఆడరాయి, కంటికి పనికొస్తుంది. పడకపోతే మగరాయి, చెప్పులెత్తుకుపోయే కుక్క మీదికి విసరడానికి పనికొస్తుంది. రెండోది, అరచేతిలో పెట్టుకొని చూడడం. పరిమాణానికి మించిన బరువుండాలి, చల్లగా ఉండాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. రాయిని ఇంటి ఆవు మూతి దగ్గర పెడతారు. ఆవు నాకితే రాయిని ఒప్పుకున్నట్టు. నాకకపోతే తిరిగి ఇచ్చేయాలి.

కొత్త రాయి మూడింట్లోనూ నెగ్గింది. మూడోదాంట్లో అయితే మరీ. ఆవు ఆ రాయిని తుడిచి తుడిచి నాకిందట, లాక్కున్నా వదల్లేదట. కుప్పం నుంచి ఎండలో బస్సులు మారుతూ మా అక్క మరిది ఆ రాయిని నడుం దగ్గర పంచె మడతలో పెట్టుకొని వచ్చాడు. ఆ చెమట ఉప్పుకు ఆ ఆవు పంచెను కూడా నాకేది. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. మనిషి మాట వినని ఊరు ఆవు నాలుకను సుప్రీంకోర్టులా చూసింది.

అక్క నా అంగడికి వచ్చిన రోజున తువ్వాలులో రెండు రాళ్ళూ కట్టుకొని వచ్చింది. ఆమె పొట్టి ఆవు ఈని ఎక్కువ కాలం కాలేదు. దూడకు ఎడమ కన్ను నీళ్ళు కారుతోంది, నల్లగుడ్డు మీద తెల్లటి పొర మొదలైంది. అమావాస్య పొద్దున గీత పెట్టాలి. మొదట ఇంటి దూడకు కొత్త రాయితో గీత పెడితే, తర్వాత ఊరి దూడలు వస్తాయి. వాళ్ళంతా ఎదురుచూస్తున్నారు.

"ఈ రెండూ ఒగటేనా కాదా సూసి సెప్పప్పా," అంది. "కొత్తది సాన మీద పెడితే వెంట్రుకల మాదిరి లేస్తాండాది. మనదాంట్లో ఎప్పుడూ అట్ల లేసింది లేదు."

ఊరంతా మూడు పరీక్షలు పెట్టి చూడలేనిది ఆమె వేలికి తగిలింది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆవు ఒప్పుకున్నాక మనిషి అనుమానపడితే మర్యాద కాదు మరి.

నగలవాళ్ళ త్రాసు ఒకటి బాగుచేసి ఇంకా తిరిగి ఇవ్వనిది నా దగ్గరుంది. పాత రాయిని గాలిలో తూచాను, పదమూడు పాయింట్ ఎనిమిది గ్రాములు. సన్నటి దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచాను, పది పాయింట్ ఎనిమిది. నీళ్ళలో తగ్గింది మూడు. మొదటిదాన్ని ఆ మూడుతో భాగిస్తే నాలుగు పాయింట్ ఆరు. అంటే అంతే పరిమాణం నీళ్ళకంటే అన్ని రెట్లు బరువు. కొత్తది గాలిలో నూట అరవై ఎనిమిది, నీళ్ళలో నూట ముప్పై ఎనిమిది. తగ్గింది ముప్పై. భాగిస్తే అయిదు పాయింట్ ఆరు.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, దారం జారకుండా చూసుకోవాలి, గాలి బుడగలు తుడిచేయాలి, రెండోసారి కూడా చేయాలి. నేను మూడుసార్లు చేశాను. స్నానాలగదికి వేసే పలక వెనకవైపు గరుకుగా ఉంటుంది, దానిమీద రెండూ గీశాను. పాతది సీసపుకడ్డీ రంగు గీత పెట్టింది. కొత్తదాని గీతలో గోధుమరంగు కలిసింది. పాతదానిమీద నా గోరు దిగింది. కొత్తదానిమీద జారింది.

రెండూ ఒకటి కాదని చెప్పాను. పాతది స్టిబ్నైట్ అయి ఉండాలి, ఆంటిమొని అనే మూలకమూ గంధకమూ కలిసిన రాయి. కాటుకల్లో, సుర్మాల్లో వెనకటినుంచీ వాడినది అదే. దాని బరువు సరిగ్గా అక్కడే ఉంటుంది.

"సరే, వేరేది. అది మంచిదా సెడ్డదా?"

ఆ ప్రశ్నకు త్రాసు జవాబు చెప్పదు. చెడ్డదని నాకు అనుమానం ఉన్నట్టు చెప్పాను. అక్క తువ్వాలు ముడి వేసుకుంటూ, అనుమానమైతే తనకూ ఉండాదనీ, దానికోసం బస్సు చార్జీ పెట్టుకొని రానక్కర్లేదనీ అంది. కొత్త రాయిలో చిన్న ముక్క నా దగ్గర పెట్టి పోయింది.

పుస్తకాలు తీశాను. కొత్త రాయి బరువు ఏడున్నర ఉంటే గెలీనా, అంటే సీసమూ గంధకమూ కలిసిన మామూలు సీసపు రాయి. అది పగిలితే చిన్న చిన్న పెట్టెల్లా పగులుతుంది. ఇది పోగులు పోగులుగా ఉంది, బరువూ చాలదు. స్టిబ్నైట్‌కి బరువు ఎక్కువైంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో ఒక పెద్ద కుటుంబం కాపురముంటుంది, సల్ఫోసాల్ట్‌లు. సీసమో రాగో వెండో ఒక లోహం, ఆంటిమొని, ఆర్సెనిక్, బిస్మత్ లాంటి సగం లోహం ఒకటి, గంధకం. మూడూ కలిసి కట్టుకున్న ఇల్లు.

ఆ పేరు పెట్టిన తీరు చదివి నవ్వొచ్చింది. సాల్ట్ అంటే లవణం. లవణముంటే దానికొక ఆమ్లం ఉండాలి కదా. వెనకటి పండితులు గంధకంతో చేసిన ఏవో ఆమ్లాలు ఉంటాయని ఊహించుకొని, వాటి లవణాలు ఇవి అన్నారు. ఆ ఆమ్లాలను ఎవరూ సీసాలో పట్టి చూపించలేదు. లేని తండ్రి ఇంటిపేరు పెట్టి పిల్లల్ని బడిలో చేర్చినట్టు. తర్వాతివాళ్ళు లోహం ఎంత, సగం లోహం ఎంత అన్న నిష్పత్తిని పట్టి వరసల్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాతివాళ్ళు అదీ చాలదన్నారు. లోపల పరమాణువులు ఏ పొరల్లో ఎలా పేర్చుకున్నాయో ఎక్స్‌రేలతో చూసి మళ్ళీ వరసలు మార్చారు. పేరు మాత్రం అదే ఉండిపోయింది. కానీ వాళ్ళను నేను పూర్తిగా తీసిపారేయలేను. కొలిచిన కొద్దీ వరస మార్చుకున్నారు. మనవాళ్ళు ఆవు నాకగానే ఆపేశారు.

అయిదు పాయింట్ ఆరు అనగానే నాకు జేమ్సనైట్ అనే రాయి కనిపించింది. సీసం, కాస్త ఇనుము, ఆంటిమొని, గంధకం. పోగులుగా పెరుగుతుంది. పోగు వంచితే విరిగిపోతుందని పుస్తకంలో ఉంది. పట్టకారుతో ఒక పోగు వంచాను, విరిగింది. సరిపోయిందనుకున్నాను. దాంట్లో వందకు నలభై సీసం. ఆ సీసం కంటి అంచున పెట్టిన ఆముదంలో ఉంటుంది. దూడ ముఖాన్ని తల్లి ఊరుకోకుండా నాకుతూనే ఉంటుంది. ఆ తల్లి పాలు దూడ తాగుతుంది, మిగిలినవి ఇంటివాళ్ళు తాగుతారు. వేలికొనమీద ఎంత పొడి అంటుకుంటుందో తూచడానికి నా త్రాసు చాలదు. అది ఎంత తక్కువైనా ఒంట్లోకి పోయిన సీసం తొందరగా బయటికి రాదు. ఆ మాత్రం తెలుసు.

ఆ వారంలోనే కుప్పంలో ఒక లారీ కాటా పని పడింది. పనయ్యాక ఆ వ్యాపారి అంగడికి పోయాను. అసలు వ్యాపారం గ్రానైటు పలకల ముక్కలు. దాంతో ఎంత మిగులుతుందో తెలియదు గానీ, ముందువైపు గాజు అరల్లో రాళ్ళు పెట్టి, ఒక్కో రాయి పక్కన ఒక్కో గ్రహం పేరు రాశాడు. సల్ఫోసాల్ట్‌లను వందేళ్ళకు పైగా వర్గీకరిస్తున్నవాళ్ళు ఈయన దగ్గరికి వస్తే ఒక్క పూటలో పని అయిపోయేది. తొమ్మిది అరలు, తొమ్మిది గ్రహాలు, ధర ఆ క్రమంలోనే.

మా అక్క మరిదికి ఇచ్చినటువంటి రాయి చూపించమన్నాను. ఇంకా ఒక ట్రే నిండా ఉన్నాయి.

"ఇది అరుదైన రాయి సార్. మామూలోళ్ళకి తీయను," అన్నాడు. "దీంట్లో ఇరిడియం ఉండాది."

ఇరిడియం బంగారంకంటే బరువైన లోహమనీ, దాని సాంద్రత ఇరవై రెండు దాటుతుందనీ, దీన్ని తూచితే అయిదున్నర వచ్చిందనీ చెప్పాను. ఆయన ఎలా తూచానో అడిగాడు. నీళ్ళలో అన్నాను. ఆయన ముఖం విప్పారింది.

"అదే సార్ తప్పు. నీళ్ళల్లో ముంచితే పవర్ దిగిపోతాది."

ఆర్కిమిడీస్ స్నానం చేసిన నాటినుంచీ ఈ సంగతి ఎవరికీ తోచకపోవడం మన దురదృష్టం. తర్వాత ఆయన ఫోను తీసి, రాళ్ళ ఫొటో చూసి పేరు చెప్పే ఒక యాప్ చూపించాడు. దాంట్లో ఈ రాయి గెలీనా అని, తొంభై నాలుగు శాతం అని వచ్చింది. ఫొటోను తూచే త్రాసు ఉందని అప్పుడే తెలిసింది. మరి గెలీనా అయితే ఇరిడియం ఎక్కడిది అంటే, మిగిలిన ఆరు శాతం అదే అన్నాడు. నిజంగా అన్నాడు. నవ్వలేదు కూడా.

రాయి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఒకసారి పాత బంగారు గని అన్నాడు, ఒకసారి హిమాలయం అన్నాడు. ట్రే కింద పరిచిన కొరియర్ డబ్బా అట్టను మోచేత్తో కప్పుతూ అన్నాడు.

అరుదైనది అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా మండీలో ఏ రైతూ టమాటా అరుదైనదని చెప్పి అమ్మడు. తింటే ఎలా ఉంటుందో చెబుతాడు, ఎన్నాళ్ళు ఆగుతుందో చెబుతాడు. రాయి దగ్గరికి వచ్చేసరికి అరుదు అన్న ఒక్క మాట చాలు, ఇంకే గుణమూ అడగరు. అరుదుగా దొరికే విషం కూడా ఉంటుందని ఎవరూ అనుకోరు.

కుప్పంలోనే గ్రానైటు కంపెనీలకు రాతి పరీక్షలు రాసిచ్చే ఒక ఇంజనీరమ్మ ఉంది. ఆమె ఆఫీసులో త్రాసు ఒకసారి బాగుచేశాను. అక్క ఇచ్చిన ముక్కను ఆమె చేతికిచ్చి, నేను తూచిన అంకెలు చెప్పి, జేమ్సనైట్ అనుకుంటున్నానని చెప్పాను. ఆమె అవునూ అనలేదు కాదూ అనలేదు. బెంగళూరు పంపి ఎక్స్‌రే తీయిస్తానంది. చూడగానే పేరు చెప్పకపోవడం చూసి నాకు ఆమెమీద నమ్మకం కుదిరింది. జవాబు రావడానికి సమయం పడుతుందంది. అమావాస్య అంతసేపు ఆగదు.

అమావాస్య ముందురోజు అక్క ఊరికి పోయాను. వాకిట్లో మరిది, ఇంకో ఇద్దరు ఊరివాళ్ళు కూర్చొని ఉన్నారు. దూడ కన్ను ఇంకా పాడైంది. తెల్లపొర పెరిగింది, అది తల ఒక పక్కకు వంచి నిలబడుతోంది. మరిది నన్ను చూసి, నీళ్ళలో రాళ్ళు ముంచి జాతకం చెప్పే బావ వచ్చాడన్నాడు. రేపు గీత పెట్టకపోతే కన్ను పోతుందని, పోతే దానికి నేనే జవాబుదారీ అని కూడా అన్నాడు.

రాయిలో సీసం ఉంటుందన్నాను. సీసమైతే ఆవు నాకేదా అన్నాడు. ఆ చెమట సంగతి చెప్పాను. వాళ్ళు నమ్మలేదు. నా సంచిలో మిషన్లు సరిచూసే ఇనుప గుండ్లు ఎప్పుడూ ఉంటాయి. అరకిలో గుండు తీసి, బస్సులో చెమటకు తడిసిన చేత్తో బాగా రుద్ది, ఆవు మూతి దగ్గర పెట్టాను. ఆవు దాన్ని రెండుసార్లు వాసన చూసి, నాలుక చాపి శుభ్రంగా నాకింది. గుండు మీద అంకె కూడా తళతళలాడింది.

నేను గెలిచాననుకున్నాను. మరిది నా చేతిలోంచి గుండు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కూడా మంచిదే మాదిరి ఉండాది బావా. అరగదీసి సూద్దామా?"

పక్కవాళ్ళు నవ్వారు. ఆవును ఓడించడం ఆ వాకిట్లో సాధ్యం కాదని అప్పుడు అర్థమైంది. దానికి తప్పు చేసే హక్కు ఇవ్వలేదెవరూ.

అక్క ఆ మాటలేవీ వింటున్నట్టు లేదు. దూడ గడ్డం కింద చెయ్యి పెట్టి కన్నులోకి చూస్తోంది.

"అబ్బోడా, పెడితే పోయే కన్నా ఇది, పెట్టకపోతే పోయే కన్నా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆమె లేచి, కొంగు దోపుకొని, దూడను ఎత్తుకొని, ఆటో పిలవమంది. మరిది ఏదో అడ్డం చెప్పబోతే, నీ వేలు కాదు కదప్పా అంది. అంతకంటే గట్టి మాట ఆమె నోట నేను వినలేదు.

పుంగనూరు పశువుల ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. టార్చి వేసి చూసింది. ఇంతవరకు ఏం పెట్టారని అడిగింది. ఏమీ పెట్టలేదని అక్క చెబితే, అదే మేలు చేసిందంది. దూడ కంటి మూలలో పలచటి మూడో రెప్ప ఒకటి ఉంటుంది. దాన్ని ఎత్తి, కింద ఇరుక్కున్న రాగుల పొట్టు ముక్క ఒకటి పట్టకారుతో తీసింది. నల్లగుడ్డు మీద గీసుకుపోయిన పుండు ఉంది. మందు వేసి, గొట్టంలో మందు రాసిచ్చి, మచ్చ కొంత మిగలవచ్చు గానీ చూపు ఉంటుందంది.

నేను ఊరుకోలేక రెండు రాళ్ళ సంగతీ, నాలుగు పాయింట్ ఆరూ, అయిదు పాయింట్ ఆరూ, సీసం ఎంత శాతమో చెప్పాను.

"అది ఏ రాయైతే ఏం సార్," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "పుండు పడిన కంట్లో రాతిపొడి పెడితే ఇంకా గీసుకుపోతాది. పాతదైనా అంతే, కొత్తదైనా అంతే."

అక్క తలెత్తి ఆమెను చూసింది. పాతదైనా అన్న మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు.

కుప్పం ఇంజనీరమ్మ ఫోను ఆ తర్వాత వచ్చింది. రాయి జేమ్సనైట్ కాదు, బౌలాంజరైట్. అదే కుటుంబంలో ఇంకో అరుదైన సభ్యుడు. ఇనుము లేదు, సీసం ఎక్కువ. నూటికి యాభై అయిదు. మరి బరువు ఆరు దాటాలి కదా అన్నాను. ముక్కలో తెల్లటి పలుగురాయి కలిసి ఉందనీ, అది తేలిక కాబట్టి మొత్తం బరువు కిందికి లాగిందనీ చెప్పింది. పోగు వంచారా అని అడిగింది. వంచితే విరిగిందన్నాను. లావు పోగు ఏదైనా విరుగుతుంది, వెంట్రుకలా సన్నటిది తీసి వంచాల్సింది, బౌలాంజరైట్ పోగు విరగకుండా వంగుతుందంది. లెక్క వేసి చూశాను, ముక్కలో ఏడో వంతు పలుగు ఉంటే ఆరు పాయింట్ ఒకటి కాస్తా అయిదు పాయింట్ ఆరు అవుతుంది. సరిపోయింది. సానమీద లేచిన ఆ సన్నటి వెంట్రుకలను మా అక్క వేలు మొదటి రోజే వంచి చూసి ఉంటుంది, పేరు అడగలేదు అంతే.

ఇది ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. దూడ కన్ను తేరుకుంటోంది. అక్క కొత్త రాయిని మరిది ముందు పడేసి, తిరిగి ఇచ్చేసి రమ్మంది. వాకిటికి ఎవరైనా దూడతో వస్తే, రాయి అయిపోయిందని చెప్పి పంపించేస్తోంది. కొందరు మొహం మాడ్చుకొని పోయారు.

ఒకరోజు పాలకేంద్రంలో మిషన్ చూస్తుంటే, ఒకాయన ఫోనులో వీడియో చూపించాడు. ఒక ఆవు బూడిదరంగు రాయిని నాకుతోంది. రాయి పట్టుకున్న చెయ్యి కనిపిస్తోంది. ముఖం లేదు. కింద అక్షరాలు, పుంగనూరు ఆవు ఒప్పుకున్న అసలు కంటిరాయి, కుప్పంలో దొరుకును. పరీక్ష రోజున మరిది తీసిన వీడియో అది. రాయి తిరిగి ఇవ్వమంటే, దాంతోపాటు వీడియో కూడా ఇచ్చి వచ్చాడు.

ఆ సాయంత్రమే అక్కకు చూపించాను. ఆమె ఫోను దగ్గరగా పెట్టుకొని చూసింది.

"అది నా సెయ్యి కదప్పా," అంది.

మరుసటి రోజు పొద్దున్నే కుప్పం బస్సెక్కాము. అంగట్లో పెద్దతిప్పసముద్రం వైపునుంచి వచ్చిన ఇద్దరు గొర్రెల కాపర్లు ట్రే ముందు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో రాయి ఉంది, అరచేతిలో ఎగరేసి బరువు చూస్తున్నాడు. వ్యాపారి నన్ను గుర్తుపట్టి, నీళ్ళాయన వచ్చాడని నవ్వాడు. మా అక్క ఎవరో తెలిశాక లేచి నిలబడి, కుర్చీ లాగి, అమ్మా మీ దయ అన్నాడు. కాపర్లకు చూపించి, ఆ చేయి ఈమెదే అన్నాడు. వాళ్ళు ఒంగి నమస్కారం పెట్టారు.

అక్క కూర్చోలేదు.

"ఆ సెయ్యి నాదేనప్పా. ఆ ఆవూ నాదే. ఈ రాయి మాత్రం ఏ దూడకీ నేను పెట్టలేదు. దీంట్లో సగానికి పైన సీసం ఉండాది."

వ్యాపారి తొట్రుపడలేదు. మామూలు చేతులకు సీసం, మంచి చేతులకు మందు అన్నాడు. అలాంటి వాక్యాలు ఆయన దగ్గర ట్రే నిండా ఉంటాయి. నేను ఏదో చెప్పబోయాను, అక్క చెయ్యి అడ్డం పెట్టింది. కాపర్లలో పెద్దాయన, చేతిలో రాయి ఉన్నాయన, మెల్లగా అడిగాడు.

"ఆవు నాకింది కదమ్మా?"

"నాకింది. ఆవుకేం తెలుసప్పా."

"మరి ఇన్నాళ్ళూ మీరు పెట్టిందీ రాయే కదా?"

అది ఎగతాళి కాదు. అడగాల్సిన మాటే అడిగాడు. నాకు జవాబు ఉంది, పాతది వేరు, కొత్తది వేరు, నాలుగు పాయింట్ ఆరు వేరు, ఆరు పాయింట్ ఒకటి వేరు. ఆ జవాబు చెబితే మా అక్క వేలు కాపాడుకోవచ్చు. ఊళ్ళోనూ అలాగే చెప్పుకోవచ్చు, మన రాయి మంచిది, అది అయిపోయింది అని. ఆమె నా వైపు చూడలేదు.

"అవునప్పా. రాయే పెట్టినా."

కాపరి చేతిలో రాయిని తిప్పి చూశాడు. తన ఇంటి ఆవుదూడకు రెండు కళ్ళూ పుసులు కట్టాయనీ, పొద్దున్నే మూడు బస్సులు మారి వచ్చాననీ చెప్పాడు.

"ఇప్పుడు దానికి ఏం పెట్టమంటావు తల్లీ?"

"ఏమీ పెట్టొద్దు," అంది అక్క. "కాంచి ఆరబెట్టిన నీళ్ళతో కడుగు. ఆసుపత్రికి ఎత్తుకొని పో."

ఆయన రాయిని ట్రేలో పెట్టేశాడు. రెండోవాడు దాన్ని తీసుకొని, ఇది ఇంకాస్త తక్కువకు ఇస్తావా అని వ్యాపారిని అడిగాడు.